ఎర్ర చీటీ

గంగాభవాని మళ్ళీ వెళ్ళిపోయింది.

ఉప్పుటేరు ఒడ్డున ఉన్న మిషన్ ఆసుపత్రిలో సిస్టర్ కెజియాకి ఏడుపొక్కటే తక్కువ. ఆమె సన్యాసినిగా చేరి ఇంకా ఏడాది నిండలేదు. ఆ పూట ఏటి గాలి కూడా చేదుగా తోచింది.

గంగాభవానికి పంతొమ్మిదేళ్ళు, ఆరో నెల. రక్తంలో హెచ్.ఐ.వి. ఉందని తేలింది. రోజూ మాత్రలు వేసుకుంటే కడుపులో బిడ్డకి సోకకుండా కాపాడుకోవచ్చు. తెల్ల చీటీ పట్టుకుని గర్భిణీల గదికి బుద్ధిగా వస్తుంది. ఎర్ర చీటీ ఇచ్చి, వరండా చివరి గదిలో మాత్రలు తీసుకోమంటే మాత్రం గేటు దాటిపోతుంది. ఇది మూడోసారి.

గర్భిణీలకి తెల్లది, హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకి ఎర్రది: ఆ చీటీల ఏర్పాటు కెజియాదే. ఎంత ముచ్చటపడి చేసుకుందో!

"ఆమెకి బిడ్డ మీద ప్రేమ లేదు మదర్," అంది, గురువు మదర్ ఫిలోమినా దగ్గరికెళ్ళి.

ముసలి మదర్ జామకాయ కోస్తోంది. కత్తి పక్కన పెట్టి, ఒక ఎర్ర చీటీ కెజియా చేతికిచ్చింది.

"గేటు దగ్గర సూరమ్మ కొట్టుకెళ్ళి నాకో టీ పట్రా. చీటీ నలుగురికీ కనపడేలా పట్టుకో."

టీ వచ్చింది, సగం ఒలికిపోయి.

"చీటీ ఏదీ?"

కెజియా పిడికిలి విప్పింది. చీటీ ఉండచుట్టుకుపోయింది. చెమటకి రంగు దిగి అరచెయ్యి గోరింటాకు పెట్టినట్టుంది.

"సూరమ్మ గ్లాసు చేతికివ్వలేదు మదర్. బల్ల మీద పెట్టి పక్కకి జరిగింది. 'సిస్టరమ్మా, నీక్కూడానా?' అంది."

"నీది కాదని చెప్పకపోయావా?"

"నోరు రాలేదు."

మదర్ నెమ్మదిగా ఒక గుక్క తాగింది. "నీది కాని చీటీకే అంత చెమట పట్టిందా తల్లీ?"



ఆ మధ్యాహ్నమే కెజియా మాత్రల బీరువాని వరండా అంతా ఈడ్చుకుంటూ గర్భిణీల గదిలోకి చేర్చింది. చీటీల కట్టలు, తెల్లవీ ఎర్రవీ, వంటింటి పొయ్యిలోకి పోయాయి.

గురువారం గంగాభవాని వచ్చింది. తలుపేసిన గదిలో, ఒక్క కుర్చీలోనే అన్నీ అయిపోయాయి: బరువు, బీపీ, మాత్రలు, మళ్ళీ కాన్పుకి ఎన్నాళ్ళు ఆగాలన్న ముచ్చట్లు. అందరూ వచ్చే తలుపులోంచే బయటికొచ్చి, వరండాలో గర్భిణీల బల్ల మీద సూరమ్మ కూతురి పక్కన చతికిలపడింది.

కెజియా అందించిన రాగిజావ నోట పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఏం సిస్టరమ్మా, బెల్లమంతా నువ్వే తినేశావా?"

బల్ల మీదున్న ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు.

కెజియా బెల్లం డబ్బా కోసం పరిగెత్తింది.