ముడుల తాడు

అన్యాయమైపోయింది కుమ్మరి చెంగమ్మ కూతురు సింగారి. ఎప్పుడంటారా? పార్థివ నామ సంవత్సరం, శ్రావణ మాసంలో. ఆ దేశపు రాజు పేరు మాత్రం చెప్పను. అలాంటి రాజులు బోలెడుమంది, ఒక్కడి మీదికే తోయడమెందుకు?

ఆ రాజుకు ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకు మూర్ఛ రోగం. ఆడుతూ ఆడుతూ పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకునేది. అంతఃపురమంతా పరుగెత్తుకొచ్చి పిడికిట్లో తాళంచెవులు పెట్టేవారు. తాళంచెవులకేం తెలుసు పాపం!

ఆస్థాన వైద్యుడు కొండకు పోయి మూడు మందులు తెచ్చాడు. ఒక వేరు, ఒక బెరడు, నూగు పట్టిన ఒక ఆకు, నూగాకు.

"ఏది పనిచేస్తుందో తెలియదు ప్రభూ. ఒక్కొక్కటి ఒక్కో నెల ఇచ్చి చూడాలి."

"నా బిడ్డ మీద పరీక్షలా? ఊళ్లో ఇంకెవరికీ లేదా ఈ రోగం?" అని ఉరిమాడు రాజు.

ఉంది. సింగారికి.

రాజు చెంగమ్మను పిలిపించాడు. "మందు దొరికితే మొదటి గుక్క నీ బిడ్డదే. ఇది నా మాట."

నమ్మింది పిచ్చితల్లి.

ఆమెకు అక్షరాలు రావు. బిడ్డ పడిపోయినప్పుడల్లా తాడుకొక ముడి వేసేది. మందు లేని నెలలో తొమ్మిది ముడులు. వేరు తాగిన నెలలోనూ తొమ్మిదే. బెరడు తాగిన నెలలో పదకొండు, పైగా వాంతులు.

"ఇంక తాగనే అమ్మా!"

"ఇంకొక్క నెల, నా తల్లి కదూ."

నూగాకు తాగిన నెలలో ఒక్కటంటే ఒక్కటే ముడి.

ఆ తాడు చూసి రాజు పొంగిపోయాడు. కొండ మీది నూగాకంతా కోయించి కోట గాదెలో పోయించాడు. విత్తనానికి కూడా మిగల్చలేదు.

"పచ్చాకు ప్రభూ, పోగేస్తే కుళ్లుతుంది. ఆ పిల్లకు కొంత..." అని నసిగాడు వైద్యుడు.

"ముందు తాళం వెయ్యి."

చెంగమ్మ బిడ్డను వెంటబెట్టుకుని కోటకు వచ్చింది. "రాకుమారి పడుకుంది, రేపు రా" అన్నాడు కాపలావాడు. మళ్లీ వచ్చింది. "తాళంచెవి రాజుగారి మొలలో ఉంది" అన్నాడు. మూడోసారి తాడొక్కటే పట్టుకుని వచ్చింది. మట్టి తవ్విన గుంటలో వాన నీళ్లు నిలిచాయి. ముందురోజు దాని గట్టు మీద సింగారికి మూర్ఛ వచ్చి, ఆ నీళ్లలో పడి మునిగిపోయింది. తాడుకు ఆఖరి ముడి పడింది.

ఆ వారంలోనే రాకుమారి మళ్లీ పడిపోయింది. గాదె తెరిస్తే ఆకంతా నల్లటి బూజు. ఈసారి ఆ పిల్ల పిడికిట్లో పెట్టింది గాదె తాళంచెవే.

రాజు కాలినడకన కుమ్మరి ఇంటికి వెళ్లాడు. "తప్పు చేశాను. నన్ను క్షమించు తల్లీ."

చెంగమ్మ కుండ చేస్తున్న సారె ఆపలేదు. "నన్నెందుకడుగుతావు రాజా? ఆ బెరడు తాగి కక్కుకుంది అది. పోయి దాన్నడుగు."

ఎక్కడని అడుగుతాడు?

ఖాళీ గాదె తలుపు మీద రాజు ఈ మాట చెక్కించాడు: "మందు కోసం బాధ మోసినవారికే మందు మొదట దక్కాలి. నేను మాట తప్పిన రోజు: పార్థివ, శ్రావణ బహుళ తదియ."