గడప దాటని పైడమ్మ

గవరమ్మ మూడు మాటలు ఎక్కువ చెప్పింది. అందుకని చచ్చిపోయిన మనిషి ఇల్లు వదల్లేదు. జరిగింది అదీ. పడుకో, ఊఁ కొట్టు, చెప్తాను.

అనగనగా సముద్రం ఒడ్డున, ఉప్పు పండించే ఊరొకటి. ఆ ఊళ్ళో ఎవరైనా పోతే, మూడో రోజు దీపాలు పెట్టే వేళ ఆ మనిషి కథ చెప్పించేవాళ్ళు. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా. పోయినవాళ్ళు పొయ్యి పక్కన కూర్చుని వింటారట. కథలో చివరి మాట 'గడప దాటింది' అని. అది వినగానే లేచి వెళ్ళిపోతారట. ఆ చివరి మాట ఎలా చెప్తే అలాగే వెళ్తారు.

ఆ కథలు చెప్పే మనిషి గవరమ్మ. ఆమెకి ముందు వాళ్ళ అత్త చెప్పేది. "పుట్టింది, పెళ్ళాడింది, పిల్లల్ని కన్నది, గడప దాటింది." అంతే. ఎవరికీ ఏడుపొచ్చేది కాదు.

గవరమ్మ అలా కాదు. ఆమె కథలో నవ్వితే కిలకిలా నవ్వాలి, ఏడిస్తే వెక్కివెక్కి ఏడవాలి, మంచినీళ్ళు తాగినా ఆత్రంగా తాగాలి. ఆడవాళ్ళు ముక్కు చీదుకుంటూ, "ఏం చెప్తుందే తల్లీ!" అనేవాళ్ళు. ఆ మాట గవరమ్మకి అన్నం కంటే రుచి. అయినా చివరి మాట జోలికి పోయేది కాదు. అత్త వద్దంది.

అప్పుడు పైడమ్మ పోయింది. ఉప్పు మడుల్లో పనిచేసే మనిషి, ముప్ఫై ఏళ్ళు లేవు. మొగుడు అప్పన్న, ఆరేళ్ళ కూతురు బంగారి. వాకిలి నిండా జనం. అంతమందిని చూసి గవరమ్మ ఉండబట్టలేకపోయింది. "పైడమ్మ మెల్లమెల్లగా, దిగులుగా, వదల్లేక వదల్లేక గడప దాటింది" అంది. వాకిలంతా గొల్లుమంది.

మర్నాడు పొద్దున పొయ్యి పక్కన తడి అడుగు ఒకటి కనపడింది. ఆరాక అది ఉప్పు పేరింది. అప్పన్న తుడిచేశాడు. రెండో రోజు ఇంకో అడుగు, గడప వైపు జానెడు ముందుకి. మూడో రోజు ఇంకోటి. దాని పక్కనే చిన్న అడుగు. అది బంగారిది.

ఆ తర్వాత బంగారికి ముద్ద ఎత్తడానికి ఒక పూట పట్టేది.

"ఏమైందే నీకు?" అన్నాడు అప్పన్న.

"అమ్మ వెళ్తోంది నాన్నా. నా చెయ్యి పట్టుకుంది. గడప ఇంక రెండడుగులే."

అప్పన్న గవరమ్మ ఇంటికి పరిగెత్తాడు. "నీ నోరు పడిపోను, ఏం చెప్పావు పిన్నీ? అది దాటితే నా పిల్లా దాటుతుంది!"

గవరమ్మ వచ్చి పొయ్యి ఎదురుగా కూర్చుంది. మెల్లగా అన్నందుకే కదా ఇంత జరిగింది అనుకుంది. "పైడమ్మ గబగబా గడప దాటింది" అంది. కుండలు దొర్లాయి. బంగారి ఎవరో లాగినట్టు వెళ్ళి గడప మీద పడింది. అప్పన్న కాళ్ళు పట్టి లోపలికి లాగాడు.

అప్పుడు గవరమ్మ, "పైడమ్మ హాయిగా గడప దాటింది" అంది. బంగారి నవ్వింది. కళ్ళు మూసుకుంది. ఊపిరి సన్నబడింది.

"చాలు పిన్నీ, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు అప్పన్న.

గవరమ్మకి అప్పుడు తెలిసింది. తను ఎలా పంపితే పిల్లా అలాగే పోతోంది. అసలు ఎలా వెళ్ళిందో చెప్పకపోతే? ఆమె పొయ్యి పక్కనున్న ఖాళీ చోటుకేసి చూసింది.

"పైడమ్మ గడప దాటింది."

అని నోరు మూసుకుంది.

గుమ్మంలో దీపం బయటికి వంగి, మళ్ళీ నిలబడింది. బంగారి కళ్ళు తెరిచి తన చెయ్యి చూసుకుంది. అందులో ఎవరి చెయ్యీ లేదు. అప్పుడు ఏడ్చింది.

"అవ్వా, అమ్మ ఎలా వెళ్ళింది? నన్ను చూసి వెళ్ళిందా?"

గవరమ్మ నాలుక మీదికి నలభై మాటలొచ్చాయి. అన్నీ మింగేసింది. "దాటింది తల్లీ" అంది.

"ఎలా?"

"దాటింది. లే, అన్నం తిను."

ఆ రోజు నించి ఎవరి కథలోనైనా వాళ్ళు చేసిందే చెప్పాలని, ఎలా చేశారో చెప్పకూడదని గవరమ్మ అనుకుంది. "ముసల్దాని కథలో పస పోయింది" అని ఊరంతా నవ్వింది. నవ్వనీ అనుకుంది.

కొన్నేళ్ళకి ఆమె మొగుడు సూరయ్య పోయాడు. చెప్పడానికి వేరే మనిషి లేదు. తనే కూర్చుంది. "పుట్టాడు. మడి చేశాడు. నన్ను పెళ్ళాడాడు. నలభై ఏళ్ళు నాతో పోట్లాడాడు" అని ఆగింది.

"ఎలా పోయాడో చెప్పవే గవరమ్మా, మేమూ ఓ ఏడుపు ఏడుస్తాం" అంది పక్కింటావిడ.

గవరమ్మ తల అడ్డంగా ఊపింది.

"గడప దాటాడు" అంది.

కథేమో కంచికి,
నిద్రేమో నీ కంటికి.