ఓబులేసు మాస్టారి ఈల

అనంతపురం పక్కన ఒక ఉన్నత పాఠశాలలో ఓబులేసు అనే ఆటల మాస్టారు ఉండేవాడు. ఆయనకు చాలా విషయాలు వచ్చు గానీ, "తెలియదు" అనే మాట మాత్రం నోటికి వచ్చేది కాదు.

దారి అడిగినవాళ్లకు తను ఎన్నడూ చూడని ఊరికైనా సరే చెయ్యి చూపించేవాడు. మందులు ఎలా వేసుకోవాలో డాక్టరు చెప్పబోతే, "తెలుసు సార్" అని చీటీ తీసుకుని లేచేవాడు. ఇంటికొచ్చి భార్యను అడిగేవాడు. అదైనా సూటిగా అడిగేవాడా అంటే, లేదు. "ఈ మాత్ర తిన్నాక వేసుకోవల్లనో, తినకముందు వేసుకోవల్లనో నీకు తెలుసా? చెప్పు చూద్దాం" అనేవాడు.

అంతమాత్రాన చెడ్డవాడు కాదు. బడిలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పించింది ఆయనే. సెలవురోజుల్లో కూడా వచ్చి, మాడు పగిలే ఎండలో వాళ్లతో పాటు పరిగెత్తేవాడు. పిల్లలు బాగా ఆడేవారు. కానీ జిల్లా ఫైనల్లో వాళ్లు వేసిన గోల్స్‌ను రెఫరీ, బంతి అందుకునేవాళ్లు ఉండకూడని చోట ముందుకు పోయి ఉన్నారంటూ, ఆఫ్‌సైడ్ అని కొట్టేశాడు. వాళ్లు ఓడిపోయారు.

"తప్పు యాడ జరిగిందో అర్థమైందా?" అని మాస్టారు పిల్లల్ని గద్దించాడు.

"అయింది సార్" అని అందరూ తలలూపారు. ఆయన అంతటితో వదిలేశాడు.

ఆ ఏడాదే ఆ బడికి ఒక కబురు వచ్చింది. జర్మనీలో లిండెన్‌ఫర్ట్ అనే ఊళ్లో పెద్ద ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. వాళ్లు ప్రతి వేసవిలో పరాయి దేశం నుంచి ఒక బడి జట్టును పిలిపించి, తమ ఖర్చుతోనే శిక్షణ ఇస్తారు. ముందుగా జట్టు కోచ్ ఒక్కడినే వారం రోజులు పిలిచి చూస్తారు. ఆయన నచ్చితేనే పిల్లలకు పిలుపు.

కెప్టెన్ గంగరత్న పదో తరగతి. వచ్చే ఏడు ఆమె బడిలో ఉండదు. తల్లి అప్పుడే శెనక్కాయల మిల్లులో పనికి మాట్లాడి పెట్టింది. కాబట్టి ఆ పిల్లకు ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది.

"సార్, ఆడ ఏం చూసినా వచ్చి మాకు చెప్పల్ల" అంది గంగరత్న, విమానం ఎక్కే ఊరికి పోయే రైలు కదిలే ముందు.

"నాకు తెల్దా!" అన్నాడు ఓబులేసు.

లిండెన్‌ఫర్ట్‌లో ఎముకలు కొరికే చలి. క్లబ్‌లో ఆడపిల్లల జట్లను చూసే ఉర్సులా అనే పెద్దావిడ ఆయనకు ఎదురొచ్చింది. ఆమె మాట ఆయనకు, ఆయన మాట ఆమెకు చెప్పడానికి ఇందుమతి అనే అమ్మాయి ఉంది. ఇందుమతిది జమ్మలమడుగు. లిండెన్‌ఫర్ట్‌లోనే యంత్రాల కంపెనీలో ఇంజనీరు. సెలవురోజుల్లో క్లబ్ పనులకు సాయం చేసేది.

ఉర్సులా ముందుగా మైదానం చూపించింది. పట్టపగలు పచ్చటి గడ్డి మీద పొడవాటి బండ్లకు కట్టిన పెద్ద పెద్ద దీపాలు వెలుగుతున్నాయి. మనిషి లేడు, ఆట లేదు. దీపాలు మాత్రం గడ్డిని చూస్తూ నిలబడ్డాయి.

"ఇవి ఎందుకో తెలుసా సార్?" అంది ఇందుమతి.

ఓబులేసుకు దిమ్మ తిరిగింది. గడ్డి ఆరబెడుతున్నారా? ఆటగాళ్ల కాళ్లకు చలి తగలకుండా నేల వెచ్చబెడుతున్నారా? "తెలుసు తెలుసు" అన్నాడు.

అక్కడి నుంచి ఆటగాళ్లు ఉండే చోటికి వెళ్లారు. టీవీలో కనిపించేంత పెద్ద ఆటగాళ్లు గుమ్మం దగ్గర వంగి, ఎవరి బూట్ల బురద వాళ్లే బ్రష్షుతో రుద్దుకుంటున్నారు. పాపం, ఏం తప్పు చేశారో, ఇంత పెద్ద శిక్ష వేశారు అనుకున్నాడు ఓబులేసు. అడగలేదు.

సాయంత్రం కాగానే ఉర్సులా ఒకే ప్రశ్న వేసింది. "ఈరోజు మీకు అర్థం కానిది ఏమిటి?"

"ఏమీ లేదు. అంతా అర్థమైంది" అన్నాడాయన రొమ్ము విరుచుకుని.

ఆమె తల పంకించి వెళ్లిపోయింది. మరునాడు మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. అట్లా రోజులు గడిచాయి. ఆయన బుర్రలో మాత్రం అడగని సందేహాలన్నీ కలగాపులగమై తిరుగుతున్నాయి.

వారం చివర్లో పెద్ద మ్యాచ్ వచ్చింది. ఏటికి అవతలి ఊరి క్లబ్‌తో పోటీ. ఆ రెండు ఊళ్లకూ తాతల కాలం నుంచి పడదు. ఆ రోజు లిండెన్‌ఫర్ట్‌లో రొట్టెల దుకాణం నుంచి చర్చి దాకా అన్నిచోట్లా ఆకుపచ్చ జెండాలే. ఇందుమతికి గేటు దగ్గర పని పడింది. స్టేడియంలోకి పంపేముందు ఆమె ఆయన్ని ఆపింది.

"సార్, ఈ పొద్దు మీకు ఒక సంగతి చెప్పల్ల. మొన్న..."

"డెర్బీ అంటే పక్కపక్క ఊళ్ల పోటీ, నాకు తెల్దామ్మా? ఇరవై ఏండ్లుగా కోచ్‌ని."

"అది కాదు సార్, ఆట మొదలైనాక..."

"తెలుసులేమ్మా" అంటూ ఆయన లోపలికి నడిచాడు.

లోపల ఆయనకు కుర్చీ దొరకలేదు. ఆ వైపు అసలు కుర్చీలే లేవు. వేలమంది టికెట్టు కొనుక్కుని మరీ నిలబడి ఉన్నారు. ఇదేం ఖర్మ అనుకున్నాడు. వేడి కాఫీ కొనుక్కుని తాగి, ప్లాస్టిక్ గ్లాసు పక్కన పడేశాడు. వెనకాల ఉన్నాయన ఆ గ్లాసు తీసుకుపోయి కౌంటర్లో ఇచ్చి, ఒక నాణెం తెచ్చి ఓబులేసు చేతిలో పెట్టాడు. నన్ను చూసి జాలిపడి దానం చేశాడా ఏంది అని ఓబులేసుకు ఒళ్లు మండింది. అయినా "తెలుసు" అన్నట్టు తల ఊపి, నాణెం జేబులో వేసుకున్నాడు.

ఆట మొదలైంది. మొదలైంది గానీ చప్పుడు లేదు.

వేలమంది నోరు మెదపకుండా నిలబడ్డారు. పాట లేదు, చప్పట్లు లేవు. ఆటగాళ్ల కాళ్లకు బంతి తగిలే శబ్దం కూడా వినిపిస్తోంది. మైదానానికి అవతలి వైపు నిలబడిన శత్రువుల ఎర్ర జెండాలు కూడా కిందికి దిగి ఉన్నాయి. ముందు వరసలో రెయిలింగుకు ఒక పెద్ద డోలు కట్టి ఉంది. దాని మీద తెల్లటి పూలు. కొట్టేవాడు లేడు.

ఓబులేసుకు పిచ్చెక్కినట్టయింది. ఇంత పెద్ద పోటీలో ఈ మౌనమేంటి? డోలువాడు ఇంకా రాలేదా? వీళ్లకు అలకా, నిద్రా? ఎవరినైనా ఒక్కమాట అడిగితే సరిపోయేది. కానీ అడిగితే తెలియదని తెలిసిపోదూ!

ఇంతలో ఆకుపచ్చ చొక్కా కుర్రాడొకడు బంతి తీసుకుని మెరుపులా దూసుకుపోయాడు. ఓబులేసు ఉండబట్టలేకపోయాడు. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, సినిమా హాల్లో హీరో వచ్చినప్పుడు వేసే ఈల ఒకటి వేశాడు. అనంతపురంలో మైదానం ఈ చివర వేస్తే ఆ చివర పిల్లలకు హుషారు పుట్టించే ఈల అది.

స్టేడియం అంతా మారుమోగింది. కుర్రాడు ఉలిక్కిపడి తల తిప్పాడు. బంతి కాలికింద నుంచి జారిపోయింది. వేల మొహాలు ఇటు తిరిగాయి. వీళ్లకు ఇంకాస్త ఉత్సాహం కావాలి కాబోలు అనుకుని, ఓబులేసు మరో ఈల వేశాడు.

పక్కనున్న ముసలావిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆమె మెడలో ఆకుపచ్చ స్కార్ఫు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వచ్చీరాని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. "అయ్యా, ఈ మౌనం ఎందుకో మీకు తెలుసా?"

అలవాటైన నోరు. "తెలుసు, తెలుసు" అన్నాడు ఓబులేసు నవ్వుతూ.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ మొహంలో కోపం లేదు. చెంపదెబ్బ తిన్న మనిషిలా చూసిందంతే. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం ఊరుకోలేదు. స్టేడియం కాపలావాళ్లు వచ్చి ఓబులేసును రెండు వైపులా పట్టుకుని గేటు దాకా తీసుకుపోయారు. ఆయన ఏం చేశాడో ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

గేటు దగ్గర ఇందుమతి ఆయన్ని చూసి తల పట్టుకుంది.

"ఏంది సార్ ఇది! ఆ డోలు కొట్టే ముసలాయన మొన్ననే పోయినాడు. నలభై ఏండ్లు కొట్టినాడు. ఆయన కోసరం కాసేపు ఎవరూ నోరు తెరవకూడదని రెండు ఊర్లోళ్లూ మాట్లాడుకున్నారు. అది చెప్పబోతాంటేనే కదా మీరు ఎళ్లిపోయిండేది!"

"మరి నేను హుషారుకే కదమ్మా ఈల కొట్టినా?"

"ఈడ ఆటలో ఈల కొడితే ఛీకొట్టినట్టు సార్. మీ పక్కన నిలబడిన ఆమె ఎవరో తెలుసునా?"

ఓబులేసు నోరు తెరిచాడు. పాత మాట గొంతు దాకా వచ్చింది. అది దాటి రాలేదు. 

"తెలియదమ్మా" అన్నాడు.

"ఆ ముసలాయన భార్య సార్."

ఓబులేసు అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. గంగరత్న గుర్తొచ్చింది. శెనక్కాయల మిల్లు గుర్తొచ్చింది. ఆ రెండింటికంటే ఎక్కువగా, వెనక్కి తీసుకున్న ఆ చెయ్యి గుర్తొచ్చింది. పెద్దవాడు, పదిమందిలో ఉన్నాడు, అయినా ఏడ్చేశాడు.

సగం ఆట అయ్యాక ఇందుమతి కాపలావాళ్లను బతిమాలి, ఆయన్ని మళ్లీ లోపలికి తీసుకుపోయింది. ఓబులేసు ముసలావిడ ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

"తల్లీ, నాకు తెలియదు. మీరు అడిగినప్పుడు తెలుసని చెప్పింది అబద్ధం. ఈ వారమంతా నేను చెప్పింది అబద్ధమే. నాకు ఇక్కడ ఏదీ అర్థం కాలేదు."

ఇందుమతి ఆ మాటలు జర్మన్‌లో చెప్పింది. ముసలావిడ ఆయన మొహంలోకి చూసింది.

"తెలియక వేశానని అప్పుడే చెప్పి ఉంటే, ఆ క్షణమే మరిచిపోయేదాన్ని నాయనా. తెలిసి వేశానన్నావు. అదే నన్ను కోసింది" అంది. ఆపైన "మీ ఊళ్లో ఎవరికోసం వేస్తారు ఆ ఈల?" అని అడిగింది.

"హీరో వచ్చినప్పుడు వేస్తామమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుంది. పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. "అయితే అది మా ఆయనకే వేశావనుకుంటాను" అంది.

ఆ సాయంత్రం ఉర్సులా వచ్చింది. రోజూ అడిగే ప్రశ్న ఆ రోజు అడగలేదు. అడగాల్సిన పని లేదన్నట్టు కోటు గుండీలు పెట్టుకుంటోంది. ఓబులేసే ఆమెకు అడ్డం వెళ్లాడు.

"మేడం, నాకు అర్థం కానివి చాలా ఉన్నాయి. ఆ గడ్డి మీద దీపాలు ఎందుకు? ఆటగాళ్లకు బూట్లు తుడుచుకునే శిక్ష ఎందుకు? అంతమంది నిలబడటమెందుకు? నేను పడేసిన గ్లాసు తీసుకుపోయి ఒకాయన నాకు నాణెం ఎందుకిచ్చాడు?"

ఉర్సులా గుండీలు వదిలేసి కుర్చీలో కూర్చుంది. చలికాలంలో ఎండ చాలదు కాబట్టి గడ్డి పెరగడానికి దీపాలు. తన బూట్లు తనే తుడుచుకోవడం శిక్ష కాదు, ఎంత పెద్దవాడికైనా అక్కడ అదే పద్ధతి. నిలబడి పాడితేనే ఆటలా ఉంటుందని జనమే ఆ చోటు ఉంచమని పట్టుబట్టారు. గ్లాసుకు ముందే డబ్బు పట్టుకుంటారు, తిరిగిస్తే వెనక్కి ఇస్తారు. అన్నీ ఓపికగా చెప్పి, చివర్లో ఆమె అంది.

"ఇందాకటి దాకా మీ జట్టును వద్దనే అనుకున్నాను. అన్నీ తెలుసనే కోచ్ దగ్గర నేర్చుకున్న పిల్లలు నోరు తెరిచి ఏదీ అడగరు. అడగని పిల్లలకు నేనేం నేర్పగలను? ఇప్పుడు పంపండి."

ఓబులేసు ఆ శుభవార్తతో అనంతపురం వచ్చాడు. పిల్లలు గంతులేశారు. ఆయన వాళ్లను మైదానంలో కూర్చోబెట్టి, ఈల కథ మొత్తం దాచకుండా చెప్పాడు. ముసలావిడ అన్న మాటలు కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు. 

అప్పుడు గంగరత్న మెల్లగా చెయ్యెత్తింది.

"సార్, ఏమనుకోవద్దండి. ఆఫ్‌సైడ్ అంటే ఏందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఫైనల్లో మా గోల్స్ ఎందుకు కొట్టేసినారో కూడా తెలీదు."

"మరి అప్పుడు అర్థమైందంటివే?"

"మీరు ఎప్పుడూ తెలియదని అనరు కద సార్. మేము తెలీదంటే బాగుండదని..."

ఆమె మాట పూర్తి కాకముందే పక్క పిల్ల చెయ్యెత్తింది. ఆ పక్క పిల్ల ఎత్తింది. చూస్తుండగానే జట్టంతా చేతులెత్తింది. ఓబులేసు ఆ చేతుల వంక చూశాడు. ఫైనల్లో ఓడింది ఎవరివల్లో ఆయనకు ఆ రోజు అర్థమైంది.

"ఆ రూలులో నాకూ కొన్ని సంగతులు సరిగ్గా తెలియవమ్మా. రాండి, అందరం కలిసి నేర్చుకుందాం" అంటూ ఆయన సున్నం తెచ్చి నేల మీద గీత గీశాడు.

నీతి: తెలియక చేసిన తప్పును లోకం మన్నిస్తుంది. తెలియనిదాన్ని తెలుసన్నవాడు తన తప్పును తనే నేరంగా మార్చుకుంటాడు, తనను నమ్మినవాళ్ల నోళ్లు కూడా మూయిస్తాడు.