నల్లమూతి వెయ్యని కేక

అనగనగా ఒక కొండ. కొండ కింద ఒక మడుగు. చుట్టూ ఎటు చూసినా అడవే. ఆ కొండ మీద నల్లమూతి అనే కొండముచ్చు ఉండేది.

వానలు తగ్గి, పొద్దున్నే మంచు పడడం మొదలైందంటే చాలు, ఆ మడుగుకు పెద్దబాతులు వచ్చేవి. ఎక్కడో ఉత్తరాన, మంచుకొండల అవతల నుంచి వచ్చేవి పిల్లలూ! వాటిని చూడడమంటే నల్లమూతికి ప్రాణం. రోజూ తెల్లవారకముందే లేచి కొండ చివరికంటా ఎక్కేది.

ఆ గుంపుకు పెద్ద ధవళ. ఆ ఏడు వస్తూనే అది నల్లమూతిని అడిగింది.

"అన్నా, రాత్రంతా పొలాల్లో మేసి, తెల్లారేసరికి నీళ్లకు వస్తాం. రెల్లు చాటున ఏముందో మాకు కనపడదు. నీకు అక్కడి నుంచి అంతా కనిపిస్తుంది. ప్రమాదం ఉంటే ఒక్క కేక వెయ్యి. నువ్వు కేక వెయ్యకపోతే ఏమీ లేదనుకుని దిగుతాం."

"అదెంత పని చెల్లెమ్మా! నేనున్నానుగా" అంది నల్లమూతి.

ఈ మాట నల్లమూతి అడవంతా తిరిగి చెప్పుకుంది. "నాతో రండి, బాతులు దిగడం చూపిస్తాను" అని అందరినీ పిలిచింది. దుప్పి, నెమలి, ఉడుత మర్నాడు పొద్దున్నే దాని వెంట కొండెక్కాయి.

ఆకాశంలో బాతులు కనిపించాయి. అంతలో రెల్లు కదిలింది. నక్కలు! నల్లమూతి గట్టిగా కేక వేసింది. బాతులు గాలిలోనే వెనక్కి తిరిగిపోయాయి.

"ఇంత కొండ ఎక్కించింది ఖాళీ మడుగు చూపించడానికా మామా?" అంది నెమలి.

రెండో రోజూ నక్కలు వచ్చాయి. నల్లమూతి మళ్లీ కేక వేసింది. బాతులు మళ్లీ వెళ్లిపోయాయి.

"నీ అరుపు వినడానికైతే కింద నుంచే వినేవాళ్లం గదా!" అని దుప్పి నవ్వింది.

"రేపు కూడా ఇంతే అయితే నేనిక రాను" అంది ఉడుత.

ఆ నవ్వు నల్లమూతిని ముల్లులా గుచ్చింది. రాత్రి తిండి కూడా సయించలేదు.

మూడో రోజు. రెల్లులో మళ్లీ నక్కలు. నల్లమూతి నోరు తెరిచింది. పక్కకు చూసింది. మూడూ మెడలు చాచి ఎదురుచూస్తున్నాయి.

'ఒక్కసారి వాలనీ. వాలగానే అరుస్తాను. రెక్కలున్నవేగా, లేచిపోతాయి' అనుకుంది. నోరు మూసుకుంది.

బాతులు గుండ్రంగా తిరిగి, ఎండలో మెరుస్తూ నీళ్ల మీద వాలాయి.

"అబ్బ! నీలాంటివాడు ఈ అడవిలోనే లేడు మామా!" అంది నెమలి.

ఆ మాట చెవికి తియ్యగా తగిలింది. నల్లమూతి నవ్వుతూ అటు తిరిగింది. ఆ కాస్త సేపట్లోనే నక్కలు దూకాయి. అప్పుడు గొంతు చించుకుని అరిచింది. ఏం లాభం? పిల్లలను ముందు ఎగరనిచ్చి ధవళ వెనక ఉండిపోయింది. నక్క దాని మెడ పట్టుకుంది.

"అయ్యో పాపం!" అంది దుప్పి. కొండ దిగుతూ దిగుతూ, "అయినా ఎంత అందంగా వాలాయి! రేపు ఇంకా ముందే వద్దాం" అంది.

నల్లమూతి కదల్లేదు. ధవళ కూతురు ఎగిరి వచ్చి ఎదురుగా బండ మీద వాలింది.

"నేను కేక వేశాను గదమ్మా" అంది నల్లమూతి, నేల చూపులు చూస్తూ.

"వేశావు మామా. మా అమ్మ నక్క నోట్లో ఉన్నప్పుడు వేశావు. ఇప్పటిదాకా నువ్వు మాట్లాడకపోతే భయం లేదనుకున్నాం. ఇకమీదట నువ్వు మాట్లాడకపోతే ఏమనుకోవాలి?"

ధవళ కూతురు గుంపును తీసుకుని, తల్లి లేకుండానే దక్షిణం వైపు వెళ్లిపోయింది. ఆ ఏడే కాదు, మరే ఏడూ బాతులు ఆ మడుగులో దిగలేదు. చూడడానికి ఏమీ లేకపోయేసరికి దుప్పి, నెమలి, ఉడుత కూడా కొండెక్కడం మానేశాయి.

నీతి: నమ్మినవాళ్ల ప్రాణం కన్నా నలుగురి మెప్పే ముఖ్యమని నోరు మూసుకున్నవాడు, చంపినవాడితో సమానం.