బా సెన్ పోసిన అట్టు

పిండి పెనం మీద పడగానే వచ్చే చప్పుడునే పేరుగా పెట్టుకున్న అట్టు ఒకటుంది. ఏ దేశంలోదో చెప్పండి చూద్దాం? మనది కాదు. ఆలోచించండి, తొందరేం లేదు.

వియత్నాంలోది. అక్కడ హోయాన్ అనే పాత ఊళ్ళో ఒక బౌద్ధమఠం ఉండేది. దూరదేశాల యాత్రికులు వచ్చి అందులో దిగేవాళ్ళు. వాళ్ళని ఊళ్ళోకి తీసుకెళ్ళి, వీధిబళ్ళ మీద దొరికే మంచి మంచివి రుచి చూపించే పని థియెన్ అనే శిష్యుడిది.

థియెన్‌కి తెలియంది లేదు. ఏ బండి నూడుల్స్‌కి ఏ బావి నీళ్ళు తెస్తారో, ఏ ఆకు ఏ తోటలో కోస్తారో అన్నీ కంఠతా వచ్చు. అయినా ఆ నెలలో మూడుసార్లు యాత్రికులు ఏదో వంక చెప్పి, సగంలోనే మఠానికి తిరిగొచ్చేశారు. ఇలాగైతే ఆ పని ఇంకొకరికి పోతుందని మఠంలో అనుకుంటున్నారు. థియెన్‌కేమో ఆ పనంటే ప్రాణం.

ఒకరోజు ఉండబట్టలేక గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"చెప్పాల్సింది ఏమైనా వదిలేస్తున్నానేమో, మీరే దిద్దాలి," అన్నాడు.

గురువుగారు చెప్పులు వేసుకున్నారు. "పద. ఇవాళ నేనే కొత్తగా వచ్చిన యాత్రికుణ్ణి."

ఆ రోజు పౌర్ణమి. పౌర్ణమినాడు అక్కడ చాలా బళ్ళవాళ్ళు మాంసం మానేసి శాకాహారం వండుతారు. బా సెన్ బండి దగ్గర, మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ స్టూళ్ళ మీద ఇద్దరూ కూర్చున్నారు. బా అంటే వాళ్ళ భాషలో మామ్మ అని. డెబ్భై దాటిన మనిషి. నోటికి మాత్రం ఇంకా ఇరవై దాటలేదు.

ఆవిడ పెనం మీద పిండి పోసింది. పుట్టగొడుగులు, పెసర మొలకలు వేసి, మడిచి, పసుపుపచ్చటి అట్టు గురువుగారి ముందు పెట్టింది. అంచులు ఇంకా చిటపటలాడుతున్నాయి.

"దీన్ని బాన్ సెయో అంటారు. సెయో అంటే పెనం మీద చుయ్‌మనే ఆ చప్పుడే," మొదలెట్టాడు థియెన్. "బియ్యప్పిండిలో పసుపు కలుపుతారు. ఇదిగో, ఈ పల్చటి బియ్యపు పొరలో ఆకులు పరిచి, అట్టు ముక్క పెట్టి, చుట్టి, పులుసులో ముంచి తినాలి. దక్షిణాన దీన్ని పళ్ళెమంత పోస్తారు. మన వైపు చిన్నగా పోస్తారు. ఎందుకంటే..."

ఎందుకో చెప్పాడు. పసుపు ఎప్పుడొచ్చిందో చెప్పాడు. ఆకులు ఒక్కొక్కటే పైకెత్తి పేర్లు చెప్పాడు. గురువుగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని తలాడిస్తూ విన్నారు. చెప్పేవాడు ముగించకుండా తినడం మర్యాద కాదు కదా.

బా సెన్ గరిటె ఆపి చూసింది.

"ఏమయ్యా, నా అట్టు పోయాక దాని జీవితచరిత్ర చదువుతున్నావా?"

థియెన్ ఠక్కున ఆగాడు. అప్పుడు గురువుగారు అట్టు అందుకున్నారు. వేళ్ళ మధ్య అది తడిగుడ్డలా వేలాడింది. అయినా ముక్క మిగల్చకుండా తిన్నారు.

"ఎలా ఉంది గురువుగారూ?"

"నువ్వు చెప్పింది చాలా బాగుంది."

థియెన్ చెవులు ఎర్రబడ్డాయి. గురువుగారు బా సెన్ వైపు తిరిగి ఇంకొకటి పొయ్యమన్నారు. అది వచ్చీరాగానే, "ఈ పులుసులో..." అని థియెన్ నోరు తెరిచాడు. గురువుగారు చకచకా అట్టు ముక్క చుట్టి, ముంచి, తెరిచిన ఆ నోట్లో పెట్టేశారు.

కరకరమంది. లోపల మొలకలు వేడిగా, పచ్చిగా, తియ్యగా తగిలాయి. మూడేళ్ళ నుంచి ఈ బండి దగ్గరికి మనుషుల్ని తెస్తున్నాడు. ఒక్కనాడూ ఇలా తిన్నట్టు గుర్తులేదు. నోరు ఖాళీ లేదు కాబట్టి, నములుతూ, పక్కవాళ్ళ అట్టు పెనం మీద చుయ్‌మంటుంటే వింటూ కూర్చున్నాడు. కళ్ళలో కొంచెం నీళ్ళు తిరిగాయి.

"మిరపకాయ తగిలిందేమో," అంది బా సెన్, మంచినీళ్ళు అందిస్తూ.

ఇద్దరూ తిరిగొచ్చారు. మఠం గేటు దగ్గర గురువుగారు అన్నారు, "రేపు ఇద్దరు యాత్రికులు దిగుతున్నారు. నువ్వే తీసుకెళ్ళు."

థియెన్ చేతులు జోడించాడు. తర్వాత అడిగాడు, "వాళ్ళకి ఏం చెప్పమంటారు?"

"వేడిగా ఉందని చెప్పు."

అంతే. అలా చూస్తారేం నా వైపు? మేడ మీద బట్టలు సగమే తీసి వచ్చాను, అవతల మబ్బేస్తోంది. జరగండి, వెళ్ళి మిగతావి తీసుకురావాలి.