మెట్టరేవులో ముద్రమ్మ తల్లి వెలసిన వైనం

వైశాఖ బహుళ విదియ, శుక్రవారం, సూర్యోదయమైన రెండు గడియలకు ముద్రమ్మ తల్లి ఈ గట్టు మీద తన మహిమ చూపింది. ఏటా ఆ తిథినాడు ఆ వేళకు మెట్టరేవు కంటైనర్ డిపోలో క్రేన్లన్నీ ఆగిపోతాయి. గూడ్సు బండి కూడా కూత వేయదు. ఆ నిశ్శబ్దంలో గర్భగుడి రాతికి చెవి ఆనించినవారికి అలల హోరు వినిపిస్తుంది. సముద్రం ఇక్కడికి రెండు పగళ్ల బండి ప్రయాణం.

కొత్తగా వచ్చిన భక్తులు గుడి మెట్ల మీద నిలబడి కింది యార్డును చూసి చేతులు జోడించడం మామూలే. ఇళ్లంతేసి ఇనుప పెట్టెలు ఆకాశంలోకి లేచి, పువ్వు దించినంత మెల్లగా రైలు మీదికి దిగుతాయి. చుట్టుపట్ల జిల్లాల పసుపు, నూలు, రాయి ఏదైనా ముందు ఇక్కడికే వస్తుంది. అధికారులు ఇక్కడే విప్పి చూస్తారు, ఇక్కడే సీలు వేస్తారు. ఇక్కడి నుంచి రైలు నేరుగా ఓడ పక్కకు చేరుస్తుంది. సముద్రపు రేవులో మళ్లీ విప్పే పని ఉండదు, లారీలు రోడ్ల మీద పడిగాపులు కాయనక్కరలేదు. ఈ ఏర్పాటు నిన్న మొన్నటిదని లోకం అనుకుంటుంది. అమ్మ ఆనతి ఇచ్చి ఎన్ని తరాలైందో మన పెద్దలకే తెలుసు.

పూర్వం ఇక్కడ ఎర్రటి రాతిగట్టు, దాని కింద పసుపు పండించే నాలుగైదు పల్లెలు ఉండేవి. ఎవరి పంట వారు బండికెత్తుకుని ఎవరికి వారే సముద్రానికి పరుగెత్తేవారు. ఒడ్డున ఇసుక కనబడనన్ని బళ్లు. సుంకం వసూలు చేసే సుంకరి ప్రతి గోనెనూ అక్కడే విప్పించేవాడు. ఓడలు ఎదురుచూసి ఎదురుచూసి వెళ్లిపోయేవి. ఒక ఏడాది అలా నిలిచిపోయిన పసుపు మీద గాలివాన విరుచుకుపడింది. పల్లెలన్నిటి పంటా ఇసుకలో బురదైంది. మరుసటి ఏడు పంట కూడా పోతే ఊళ్లు వదలడం తప్ప దారి లేదు.

ఆ పల్లెల బళ్లకు పెద్ద ఓబన్న. ఆయన ఇల్లాలు వెంగమాంబ. ఒక మధ్యాహ్నం పసుపు ఉడకబెట్టి అలసిపోయి, పొయ్యి పక్కనే కునుకు తీసింది. కలలో చీర కుచ్చెళ్లు తడిసిన ఒక ముత్తయిదువ గడపలో నిలబడి ఉంది.

"కాస్త చోటిస్తావా అమ్మాయ్? మీ బళ్లు నా ఒడ్డున నాకే చోటు లేకుండా చేశాయి" అంది ఆ తల్లి. "నేనే మీ గట్టుకు వస్తాను. మూటలు అక్కడే విప్పండి, అక్కడే చూపండి, నా ముద్ర వేయండి. అందరూ ఒక్క వరుసలో రండి. ముద్ర పడిన మూటకు జవాబుదారీ నాది."

మెలకువ వచ్చేసరికి గడప మీద తడి పాదాల గుర్తులు, అవి ఆరినచోట ఉప్పు. వెంగమాంబ మగణ్ణి పిలిచి కల చెప్పింది.

"ఎండదెబ్బకు సముద్రం కనబడిందా ఏమిటే?" అని నవ్విన ఓబన్న, ఆ ఉప్పు నాలుకకు తగలగానే లేచి గట్టు వైపు నడిచాడు. ఇద్దరూ గట్టెక్కి చూస్తే, నిన్నటిదాకా బోసిగా ఉన్న చోట అలల గీతలు తేలిన నల్లరాయి నిలిచి ఉంది. దాని పక్కన రాలి ఉన్న పెచ్చునే ముద్రగా తీసుకున్నారు. మూట ముడి మీద లక్క కరిగించి అద్దితే చిన్న చిన్న అలలు పడేవి.

సుంకరి దేవరాజును బతిమాలి పిలుచుకొచ్చారు. "ఒడ్డున మీ తిట్లు తినేకన్నా ఇక్కడ మీ మజ్జిగ తాగడమే నయం" అంటూ గట్టు మీద కూర్చుని గోనెలన్నీ విప్పించి చూశాడు. వెంగమాంబ గోనెల దగ్గరకు రాగానే మాత్రం చేతులు జోడించాడు. "అమ్మ కలలోకి వచ్చిన ఇంటి మూటలు విప్పి చూస్తే నా కళ్లు పోతాయి" అని అలాగే ముద్ర వేసేశాడు.

కానీ వెంగమాంబ కడపటి వాయిలో ఉడికించిన పసుపు సరిగా ఎండలేదు. ఆకాశం మబ్బు పట్టిందని తొందరపడి గోనెలకెత్తింది. ఇప్పుడు చెబితే ఇంత మందిలో తలవంపులని ఊరుకుంది.

విదియనాడు పొద్దున్నే బళ్లు బారులు తీరాయి. ముందున్న ఓబన్న ఎడ్లు అమ్మ రాతి దగ్గరకు రాగానే మోకాళ్ల మీద కూలబడ్డాయి. అదిలించినా లేవలేదు. అంతలో రాతిలోంచి సముద్రపు హోరు లేచింది. గట్టంతా అదిరింది. ఆడామగా సాష్టాంగపడ్డారు.

"అమ్మకు ఇష్టం లేదర్రా! ఎవరి బండి వారు తోలుకుపోదాం పదండి" అని వెనక నుంచి కేకలు. బళ్లు పక్కకు తిరగసాగాయి. మళ్లీ ఆ ఇసుక, ఆ తొక్కిసలాట, ఆ గాలివాన. వెంగమాంబకు కళ్ల ముందు కదలాడాయి. ఒక్క పరుగున వెళ్లి తమ బండెక్కి గోనె ముడి మీద చెయ్యి వేసింది.

"ఓసి పిచ్చిదానా! నలుగురిలో మన పరువు తీస్తావా?" అని అత్త పాపమ్మ కొంగు పట్టి లాగింది.

"దీని మీద ఉన్నది మన పరువు కాదత్తా, అమ్మ మాట" అని వెంగమాంబ ముద్ర పగలగొట్టింది. గోనెలోంచి వేడి ఆవిరి, ముక్కిన వాసన గుప్పుమన్నాయి. ఆ తడి గోనెలన్నీ తన చేతులతోనే కిందికి దొర్లించింది. చివరి గోనె నేలను తాకగానే హోరు ఆగింది. ఎడ్లు వాటంతట అవే లేచాయి.

సుంకరి ఆమె కాళ్లకు దండం పెట్టబోతే వారించి, "ఇకమీదట ఎవరి ఇంటివైనా విప్పి చూడన్నా" అంది. బళ్లు ఒక్క వరుసలో సాగాయి. ఒడ్డున ఒక్క మూటా విప్పలేదు, ఒక్క బండీ ఆగలేదు. కడపటి గోనె ఓడలోకి చేరాక గాని మొదటి చినుకు రాలలేదు. ఊళ్లు నిలిచాయి. ఈ గట్టుకు మెట్టరేవని పేరు అలా వచ్చింది.

నేటికీ విదియనాడు మొదటి కంటైనరును సరుకు పంపే ఇంటి ఇల్లాలు తన చేత్తో తెరిచి అమ్మకు చూపాకే సీలు వేస్తారు. ఈ తల్లిని నమ్మి చూపినవారి సరుకు దారిలో చెడదు, సముద్రం దాటి క్షేమంగా చేరుతుంది. ఎన్నో ఇళ్ల అనుభవం ఇది.

ఇక నాడు బళ్లు సాగిపోయిన మర్నాడు ఉదయం ఓబన్న ఇంటివారి సంగతి. ఎవరూ పిలవకుండానే పాపమ్మ తడి పసుపును తట్టకెత్తుకుని గట్టెక్కింది. కోడలు వెనకే వచ్చి చాపలు పరిచింది. ఇద్దరూ కొమ్ము పక్కన కొమ్ము పేర్చి అమ్మ ముందు ఎండబోశారు. దారిన పోయేవారు చూసీ చూడనట్టు తల తిప్పుకుంటుంటే, పాపమ్మే గొంతెత్తి పిలిచింది.

"రండమ్మా, చూసి పొండి. మా ఇంటి పసుపు, ఇంకా ఎండలేదు."