హార్సిలీ కొండ మీద నీలం పొగ

ఆ యేడు నాకు కడుపులో ఒకటే మంట. ఆ మంట పేరు సామేలు.

పుంగనూరులో ట్రాక్టర్లు బాగుచేసుకునేటోడు. మదనపల్లిలో మా మదార్ ఉస్తాదు కార్ల షెడ్డులో చేరి ఎనిమిది నెల్లు. నేను పదకొండేండ్ల నుంచి ఉండా. నా చెవి సంగతి మీకు తెలవదు గానీ, చిత్తూరులో ఇంజను దగ్గితే ఈడ నాకు తుమ్మొచ్చేది. అట్లాంటి నన్ను పక్కన పెట్టుకొని, బండి రాంగానే ఉస్తాదు వాని దిక్కు తిరిగి "నువ్వేమంటావు సామేలూ" అంటాడు. టీ వస్తే సాసర్లో సగం పోసి వానికిస్తాడు. ఆ సాసరు అంతకు ముందు నాది.

అప్పుడొచ్చింది టమోటా మండీ శెట్టి పాత జర్మనీ కారు. ఎంత పొడుగంటే, ముందు సీట్లో ఎండ కాస్తాంటే వెనక సీట్లో వాన పడేది. కింద ఆయిలు చుక్కలు, వెనక పొగ.

చుక్క చూడంగానే నేను తేల్చేసినా, కింద ఆయిలు చాంబరు ప్యాకింగు పోయిందని. సామేలు ఇంజను కడిగి, ఆరబెట్టి, మొఖానికి పూసుకునే పౌడరు చల్లినాడు. అరగంట ఇంజను ఆడించి చూస్తే తెల్లటి పౌడర్లో నల్లగా ఒక గీత. పైన మూత కాడ మొదలై, వెనకనుంచి జారి, కింద చుక్కయి పడతాంది.

"పైనుంచి కారతాందన్నా," అన్నాడు నాతో, మెల్లగా. ఆ మెల్లగా అన్నందుకు ఇంకా మండింది.

"ఇంక పొగ సంగతి," అన్నాడు ఉస్తాదు. "ఎవురు సరిగ్గా చెప్తే వాళ్ళే విప్పేది."

అంత పెద్ద కారు ఇంజను ఎవురు విప్పితే, షెడ్డులో ఉస్తాదు తర్వాత వాడే. మెకానిక్కులంతా అట్లే అనుకుంటారు.

"పిస్టను రింగులు పోయినాయి ఉస్తాద్. ఇంజను మొత్తం దించాల్సిందే," అన్నా.

"చూసినావా?"

"చూసేదేముంది, నాకు వాసన చాలు."

"హార్సిలీ కొండెక్కి దిగి రాండి, పొగ ఎప్పుడొస్తాదో చూసి. ఒకడు కార్లో, ఒకడు వెనకాల స్కూటర్లో."

నేను ఎగిరి స్టీరింగు కాడ కూర్చున్యా. అంత కారు పెట్టుకొని స్కూటరు ఎవడెక్కుతాడు?

తిరిగొచ్చి, "యాక్సిలేటరు నొక్కినప్పుడల్లా నీలం పొగ. రింగులే," అని చెప్పినా. మలుపులు చూసుకునేదానికే నాకు సరిపోయిందని మీకు చెప్తాండా గానీ, ఆ పొద్దు చెప్పలేదు.

సామేలు తల గోక్కున్యాడు. "నొక్కితే రాలేదు ఉస్తాద్. దిగేటప్పుడు కాలు తీసి మళ్ళీ నొక్కితే, ఒక్కసారి గుప్పుమని ఆగిపోతాంది. వాల్వు సీళ్ళేమో. ఇంజను పైన హెడ్డు విప్పితే చాలేమో."

"అబద్ధం ఉస్తాద్. నాకంటే పెద్దోడు కావాలని వీని ఆశ."

ఉస్తాదు నా చేతిలోంచి కారు తాళం తీసుకొని స్కూటరు తాళం పెట్టినాడు. తాను స్టీరింగు కాడ కూర్చొని, సామేలును పక్క సీట్లో కూర్చోబెట్టుకున్యాడు.

"నువ్వు వెనకాల రా. చూసి చెప్పు."

కొండ మొదలైంది. కారు వెనకద్దంలోంచి రెండు తలకాయలు. ఉస్తాదు తల అప్పుడప్పుడు వాని పక్కకు తిరుగుతాంది. సామేలు తల ఊగుతాంది. ఊ, ఊ అంటాండాడు. ఏం చెప్తాండాడు ఉస్తాదు? నా గురించేనా? పనిలో గుట్టేమన్నా చెప్తాండాడా? పదకొండేండ్లలో నన్ను ఒక్కనాడన్నా అట్లా పక్కన కూర్చోబెట్టుకున్యాడా? ఎన్ని మలుపులు తిరిగినామో తెలవదు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ రెండు తలకాయలే.

కొండ కింద ఆగినాం. ఉస్తాదు దిగినాడు.

"పొగ ఎప్పుడొచ్చింది?"

నోరు తెరిస్తే నాకొచ్చిన మాట ఇది. "మీరిద్దరూ ఏం మాట్లాడుకున్యారు?"

సామేలు కండ్లు నలుపుకుంటా దిగినాడు. "మాట్లాడేదేముందన్నా. ఆ సీటు మెత్తదనానికి ఎక్కుతానే నిద్రపోయినా. నా తల తన భుజం మీద పడతాంటే ఉస్తాదే రెండుసార్లు పక్కకు నెట్టినాడు."

ఉస్తాదు నా దగ్గరికొచ్చినాడు. నా చొక్కా కాలరు పట్టి ముక్కు కాడికి లాక్కున్యాడు.

"కాలిన ఆయిలు," అన్నాడు. "చొక్కాకు దొరికిందిరా పొగ. నీకే దొరకలేదు."

కారు తాళం సామేలుకిచ్చినాడు. "ఇంకోసారి పోయి రాండి."

ఈసారి సామేలు నడిపినాడు. నేను పొగ గొట్టం చూసినా. గొట్టం తప్ప ఇంకేం చూడలేదు. నొక్కితే ఏమీ లేదు. దిగేటప్పుడు కాలు తీసి, మళ్ళీ నొక్కిన ప్రతిసారీ గుప్పు. నీలంగా.

షెడ్డుకొచ్చినాక ఉస్తాదు ఏదో బోల్టు తుడుచుకుంటా కూర్చున్యాడు.

హెడ్డు విప్పే పానాలు ఏరి, ఒక్కోటీ తుడిచి, సామేలు ముందర వరసగా పెట్టినా.